నిలబడే మాట్లాడ్త

ఎయిర్‌పోర్టులో ఏ ప్రయాణికుడైనా నన్ను ఇంగ్లీషులో పలకరిస్తే ముందు నాకు గుర్తొచ్చేది ఆ కొత్వాల్‌గూడ అక్క అరచెయ్యి.

శంషాబాద్‌లో ఇంగ్లీషు క్లాసుకి మేమంతా ఎయిర్‌పోర్టు ఉద్యోగాల కోసమే వెళ్లేవాళ్లం. 'హీ', 'షీ' తర్వాత క్రియకు 'ఎస్' చేర్చడం మరిచిపోతే క్లాసు అయ్యేదాకా నిలబడాలని సార్ రూలు పెట్టారు. ఆ భయానికి మేం నోరే విప్పేవాళ్లం కాదు. కొత్వాల్‌గూడ నుంచి మా క్లాసుకొచ్చే అక్క మాత్రం రోజూ మాట్లాడేది, రోజూ నిలబడేది. సార్ మధ్యలో అందుకుంటే అరచెయ్యి అడ్డంపెట్టి, "ఆగుండ్రి సార్, నా మాట పూర్తిగానీండ్రి" అనేది.

ఒకరోజు వాళ్లాయన గురించి చెప్పింది. "మై హస్బెండ్ డ్రైవ్ క్యాబ్. హీ స్లీప్ ఇన్ కార్."

"స్లీప్స్!" అన్నారు సార్.

అక్క చెయ్యి లేచింది. "మనిషి ఇంటికి రాక కార్లనే పండుకుంటడని చెప్తున్న సార్. మీకు ఎస్ ఒక్కటే కావాల్నా?"

సార్ మొహం ఎర్రబడింది. "రూలు రూలే. నిలబడు."

మర్నాడు అక్క వస్తూనే బెంచీ పక్కన నిలబడింది.

"కూర్చోమ్మా, నువ్వింకా తప్పు మాట్లాడలేదుగా" అన్నారు సార్.

"మాట్లాడ్త గద సార్. ఎట్లైనా నిలబెడ్తరు. ఇగ నిలబడే మాట్లాడ్త."

ఎవరో నవ్వారు. నేను లేచాను. నా పక్కనున్న జల్‌పల్లి అమ్మాయి లేచింది. తర్వాత బెంచీలన్నీ కిర్రుమన్నాయి. ఆ రోజు మేమందరం వచ్చీరాని ఇంగ్లీషులో గొంతెత్తి మాట్లాడాం. క్లాసు మొత్తంలో కూర్చున్నది సార్ ఒక్కరే.