రోషన్‌దాన్లో ఊక బస్తా

ఇల్లంతా జిగురు వాసన. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, ఆఖరి అంతస్తులో, వేసవంతా పెనంలా కాలే మా ఫ్లాటుకు ఫాల్స్ సీలింగ్ వేయిస్తూ, ఎండ వేడి దిగకుండా దాని పైన థర్మోకోల్ పలకలు పరిపిస్తున్నాం. అంతవరకూ బాగానే ఉంది. కూరగాయలకు వెళ్ళి వచ్చేసరికి కాంట్రాక్టరు గోడ పైనున్న రెండు వెంటిలేటర్లలోనూ ఆ పలకలే కుక్కి, మీద ప్లైవుడ్ బిగించేశాడు. "ఏసీ గాలంత బయటికి పోతది మేడమ్, గందుకే మూసినం," అన్నాడు, మహా ఉపకారం చేసినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గదిలో పడుకునేది ఉబ్బసంతో బాధపడే మా అక్క. ఇలాంటి ఘనకార్యం చేసిన మహానుభావుడు మా ఇంట్లో ఇదివరకే ఒకాయన ఉన్నాడని ఇతనికేం తెలుసు!

మా చిన్నప్పుడు తాతయ్య బందరు నుంచి కుటుంబంతో సహా వచ్చి, నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో ఒక పెంకుటింట్లో వాటా కిరాయికి తీసుకున్నారు. పెంకుల కింద చెక్క అటక, దాని మీద ఊక నింపిన గోనె బస్తాలు. పెంకుల వేడి గదిలోకి దిగకుండా ఇంటివాళ్ళు చేసుకున్న ఏర్పాటది. అటకకూ గోడకూ మధ్య మూరెడు సందు ఉండేది. గదిలో వేడెక్కిన గాలి ఆ సందులోంచి పైకి పోయి, గోడల నెత్తినున్న రెండు రోషన్‌దాన్ల గుండా బయటపడేది. వచ్చిన మొదటి వేసవిలో మొజంజాహీ మార్కెట్ నుంచి తెచ్చిన కాయల్ని నాయనమ్మ ఆ బస్తాల మధ్య ముగ్గవేసేది. నీళ్ళు చల్లిన గచ్చు మీద వెల్లకిలా పడుకుని నేనూ అక్కా ముక్కులు ఎగబీలుస్తుంటే, రైలు కూతా, పావురాల కువకువా, పండుతున్న మామిడి వాసనా అన్నీ ఆ సందులోంచే మా మీదికి దిగేవి.

అలాంటి ఇంటిని మొదటి చలికాలంలోనే తాతయ్య పాడుచేశారు. బందరు మనిషాయన, గాలంటే గాలివానే ఆయనకు. తలుపులు బిడాయించి, సందుల్లో గుడ్డలు కుక్కడమే ఆయనెరిగిన సంరక్షణ. హైదరాబాదు చలిగాలి నెత్తిన తగలగానే నిచ్చెనెక్కి, అటక మీది ఊక బస్తాలే లాగి రెండు రోషన్‌దాన్లలో కుక్కారు, మిగిలినవి కిటికీలకు అడ్డం పెట్టారు. చలికాలం వెచ్చగానే గడిచింది. ఎండలు ముదిరాక తీసేయొచ్చు కదా? అబ్బే! "వడగాలి లోపలికొస్తుందే పిచ్చిమొహమా!" అని అడిగిన ప్రతివాళ్ళనీ కసిరారు. ఊక లేని అటక, ఊపిరి లేని గది. పైనుంచి పెంకులు కాలుస్తుంటే ఆ వేడికి పోయే దారే లేకపోయింది.

ఒక మిట్టమధ్యాహ్నం అక్కకు ఆయాసం వచ్చింది. చిన్నపిల్ల. భుజాలెగరేస్తూ, నోరు తెరిచి, పెదాలు నల్లబడి, గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది. తాతయ్య విసనకర్రతో ఆ వేడిగాలినే దాని మొహాన విసురుతూ కూర్చున్నారు. నా ఏడుపు విని పక్క వాటాలోంచి ఇంటి యజమానురాలు సత్తెమ్మ పరుగెత్తుకొచ్చింది. ముందు అక్కను ఎత్తుకెళ్ళి వేపచెట్టు కింద కూర్చోబెట్టి, తిరిగొచ్చి పైకి చూసింది.

"గిదేంది పెద్దాయనా! ఊక బస్తాలు రోషన్‌దాన్ల కుక్కితిరా? గిట్లైతే పిల్ల బతుకుతదా?"

"వడగాలమ్మా..."

"వడగాలి లేదు, గిడగాలి లేదు, జరుగున్రి!" కొంగు బిగించి తనే నిచ్చెనెక్కి, రెండు బస్తాలనూ బయటికి ఒక్క తోపు తోసింది, దిగొచ్చి కిటికీలవీ లాగేసింది. సాయంత్రం అక్కను గదిలోకి తెచ్చి పడుకోబెడితే, కళ్ళు మూసుకునే నవ్వి, "గాలొచ్చిందే," అంది నాతో.

తాతయ్య మాత్రం తప్పని ఒప్పుకోలేదు. "బస్తాలు చివికిపోతే నేనే తీయించా," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. పోయినవాళ్ళను అనకూడదంటారు. నేనంటాను. పిల్ల ప్రాణం మీదికొచ్చినా పట్టుదల విడవని ఆ మొండితనం మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. దాని చోట ముందంతా అద్దాలు బిగించిన లాడ్జి ఉంది, చీమ దూరే సందు లేదు. "పైన పలకలు ఉండనీ, గోడలో కుక్కినవి తియ్యి," అని నేనంటే కాంట్రాక్టరు, "మావోళ్ళు పోయిన్రు మేడమ్, రేపు జూద్దం," అన్నాడు. రేపట! రాత్రంతా అక్క గాలికి సెలవు పెట్టాలి కాబోలు! స్టూలు లాక్కుని, స్క్రూడ్రైవరు తీసుకుని నేనే ఎక్కాను. ప్లైవుడ్ ఊడదీసి, పలకల్ని ముక్కలుగా పెరికి అతని కాళ్ళ దగ్గరే పడేశాను. బస్సుల హారన్లూ, డీజిల్ కంపూ, ఎక్కడో మిర్చి బజ్జీల నూనె వాసనా కలిసి లోపలికొచ్చాయి.

మంచం మీద అక్క కళ్ళు మూసుకునే ఉంది. "గాలొచ్చిందే," అంది. ఒక్క క్షణం ముక్కు ఎగబీల్చి, "మామిడిపళ్ళ వాసనే రాలేదు," అంది.

ఇంకా స్టూలు మీదే ఉన్నాను, చేతిలో స్క్రూడ్రైవరుతో. ఆ వాసన రానందుకు ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు.