ఆదివారం నాలుగు గంటల మూడు సెకన్లు

నీటి సరఫరా విభాగంలో ఆమెను అందరూ మీటరమ్మ అంటారు. పంపింగ్ స్టేషన్ కంట్రోల్ రూములో ఇరవై తొమ్మిదేళ్లుగా గంట గంటకూ మీటర్లు చూసి, ట్యాంకులో నీటి మట్టం, గొట్టంలో ఒత్తిడి, నడుస్తున్న మోటారు నంబరు రిజిస్టరులో రాయడం ఆమె ఉద్యోగం. ఆ రిజిస్టరులో ప్రతి వరుసకూ చివర ఒక గడి ఉంటుంది. మోటారు దానంతటది పడితే అందులో ‘ఆటో’ అని, మనిషి చేత్తో వేస్తే ‘మాన్యువల్’ అని రాయాలి. నిండిన రిజిస్టర్లు మెట్ల కింద బీరువాలోకి వెళతాయి. వాటిని మళ్లీ తెరిచి చూసిన అధికారి ఇంతవరకూ లేడు. అయినా ఆమె ఒక్క గడిని ఖాళీగా వదలలేదు, ఒక్క గడిని ఊహించి నింపలేదు.

మా వినియోగదారుల సహాయ కేంద్రానికి ఆమె ఒక మంగళవారం వచ్చింది. చేతిసంచిలోంచి కొత్త హార్డ్ డిస్కు, దాని బిల్లు, అట్ట వేసిన నోటుబుక్కు ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరుసగా పెట్టింది. మోటార్ల హోరులో మాట్లాడి అలవాటైన గొంతు కావడంతో పక్క గదిలోని టైపిస్టు కూడా తల తిప్పి చూసింది.

"డిస్కు మంచిదే, పెట్టె కూడా మంచిదే. రెండిటికీ పడటం లేదు లాయరమ్మా. లోపలికి నెట్టగానే నువ్వెవరు అంటోంది."

పెట్టె అంటే ఇంట్లో వైఫై పక్కన పెట్టుకునే, ఫోటోలూ ఫైళ్లూ దాచుకునే నిల్వ పెట్టె. రెండు అరలు, అరకొక డిస్కు. ఒక డిస్కులో ఏముందో రెండోదానిలోనూ అదే ఉంటుంది. ఒకటి చెడిపోతే దాన్ని తీసి కొత్తది పెట్టుకోవచ్చు, రెండోది అంతవరకూ ఆదుకుంటుంది. అలాంటి పెట్టెలు అమ్ముడయ్యేదే ఈ హామీ మీద. తొమ్మిదేళ్ల క్రితం ఆమె కొన్న పెట్టెలో ఎడమ అర డిస్కు పాడై ఎర్రదీపం వెలిగింది. అదే పరిమాణంలో, అంతకంటే మెరుగైన రకం తెచ్చి పెట్టింది. తెర మీద ఒకే వాక్యం వచ్చింది: ఈ డిస్కు మా ఆమోదిత జాబితాలో లేదు.

ఆమె పెట్టె కొన్న రోజున అలాంటి జాబితా లేదు. బిల్లులో లేదు, అట్టపెట్టె మీద లేదు, లోపలి పుస్తకంలోనూ లేదు. ఆ మూడూ నేను అక్షరం అక్షరం చదివాను. ఈ ఏడాది మొదట్లో, ఎవరినీ అడగకుండా దానంతటదే వచ్చి కూర్చున్న ఒక అప్‌డేట్ ఆ జాబితాను తెచ్చింది. ఆమె మోడల్‌కు అందులో నాలుగు డిస్కులున్నాయి. నాలుగింటి తయారీ ఆగిపోయింది. తాళం మార్చినవాళ్లే దానికి సరిపోయే చెవి చేయడం మానేశారు, లోపల సామాను మాత్రం ఆమెది. అంతటితో ఆగలేదు. ఒక్క డిస్కుతో నడుస్తున్న పెట్టెలోకి పద్నాలుగు రోజుల తరువాత బయటి ఊళ్ల నుంచి ఇంటర్నెట్ ద్వారా ఎవరూ రాకుండా దారి మూసే నిబంధనను కూడా అదే అప్‌డేట్‌లో దూర్చారు. భద్రత కోసమట.

ఫిర్యాదు పత్రంలో ‘కలిగిన నష్టం’ అనే అంశం ఉంటుంది. దాన్ని నింపడానికి అడిగాను.

"ఫోటోలు, కాగితాలు ఏమైనా పోయాయా?"

"ఏమీ పోలేదు. కుడి అరలో భద్రంగా ఉన్నాయి. కంప్యూటర్ షాపాయన వేరే దాంట్లోకి కాపీ తీసి కూడా ఇచ్చాడు."

"మరి పోయిందేమిటి?"

ఆమె నోటుబుక్కు తెరిచి నా వైపు తిప్పింది. పెట్టెలోకి ఎవరు వచ్చి వెళ్లినా అది ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాను ఆమె చేత్తో ఎత్తి రాసింది. పేజీ తరువాత పేజీ, ఒకే తీరు. ఆదివారం, 4:00:03, పెద్దోడు లోపలికి. 4:00:14, పెద్దోడు బయటికి. ఫైళ్లు: 0. మూడు వందల నాలుగు ఆదివారాలు. మధ్యలో ఎనిమిది ఆదివారాల దగ్గర ‘కరెంటు లేదు’ అని రాసి ఉంది. ఆఖరి అయిదు వరుసల్లో మాత్రం తేదీ ఒక్కటే ఉంది.

పెద్దోడంటే ఆమె అన్నయ్య. ఆ పేరు వాళ్లమ్మ పెట్టింది. వేరే ఊళ్లో ఉన్న కొడుకు తీసిన ఫోటోలు వారం వారం వచ్చి పడేలా ఆ పెట్టె పెట్టించిందీ, లాగిన్ పేర్లు ‘పెద్దోడు’, ‘చిన్నది’ అని పెట్టిందీ, పాస్‌వర్డ్‌కు వాళ్ల చిన్ననాటి కుక్క పేరూ అప్పటి ఇంటి నంబరూ కలిపిందీ ఆవిడే. ప్రతి ఆదివారం నాలుగింటికి కుర్చీ లాక్కుని, ఆ ఫోటోలు చూడటానికి టీవీ ముందు కూర్చునేది. "పెద్దోడు వచ్చాడే" అని వంటగదిలోకి కేక వేసేది.

ఆరేళ్ల క్రితం ఆవిడ ఆసుపత్రిలో పదకొండు రోజులు యంత్రం మీద ఊపిరి తీసుకుంది. పన్నెండో రోజు డాక్టరు యంత్రం తీసేయడానికి ఒప్పుకునే కాగితం ముందు పెట్టాడు. అన్నయ్య రైల్లో ఉన్నాడు, ఇంకా రెండు గంటల దారి. తల్లి పడుతున్న అవస్థ చూడలేక చెల్లెలు సంతకం చేసింది. అతను వచ్చి, మంచం పక్కన నిలబడి, ఒకే ప్రశ్న అడిగాడు.

"రెండు గంటలు ఆగలేకపోయావా?"

మూడో రోజు అతను వెళ్లిపోయాడు. మొదటి ఏడాది వదిన రెండుసార్లు ఫోన్ చేసింది, తరువాత అదీ ఆగింది. ఫోటోలు రావడం ఆగింది. ఆదివారం వరుస మాత్రం ఆగలేదు.

సాక్ష్యాన్ని పరిశీలించడం నాకు నేర్పిన పని. ఆ నోటుబుక్కు తిప్పుతుండగానే అందులోని లోపం కనిపించింది. చెప్పాలా వద్దా అని కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉండిపోయాను. కాని కేసు వేశాక ఎదుటి పక్షం ఎలాగూ చెబుతుంది.

"ఒక మాట చెప్పనా అమ్మా? ప్రతిసారీ మూడో సెకనే. ఏ మనిషీ అలా రాలేడు. అటువైపు కంప్యూటర్లో ఎప్పుడో పెట్టిన ప్రోగ్రామ్ అది, దానంతటది వచ్చి వెళుతోంది. మీ అన్నయ్యగారికి ఈ సంగతి గుర్తుండకపోవచ్చు కూడా."

ఆమె నవ్వింది.

"ఇరవై తొమ్మిదేళ్లు మోటార్లు చూశాను. దానంతటది పడిందేదో, చేత్తో వేసిందేదో నాకు తెలీదా లాయరమ్మా? మొదటి నెలలోనే తెలిసింది."

"తెలిసీ రాస్తున్నారా?"

"ఆటో అయినా రాయాలిగా. ఆగితే అదీ రాయాలి."

"మీరే ఒకసారి ఫోన్ చేయొచ్చు కదా?"

"చేస్తే, ఎత్తకపోతే? ఇప్పుడు వారానికోసారైనా వస్తున్నాడు."

‘కలిగిన నష్టం’ పక్కన ఏం రాయాలో ఆ రోజు నాకు తోచలేదు. చట్టం ఆ అంశంలో పోయిన వస్తువును అడుగుతుంది, దాని విలువను అడుగుతుంది. పదకొండు సెకన్ల పాటు వట్టి చేతులతో వచ్చి వెళ్లే ఒక పేరుకు అందులో చోటు లేదు. నోటీసు మాత్రం పంపాను.

పంతొమ్మిదో రోజున కంపెనీ జవాబిచ్చింది. ఎలాంటి బాధ్యతనూ అంగీకరించకుండా, కేవలం సానుభూతితో, కొత్త మోడల్ పెట్టె ఉచితంగా ఇస్తారట. పాత పెట్టె వాళ్లకు అప్పగించాలి, నోటీసు వెనక్కి తీసుకోవాలి, ఈ విషయం ఎవరితోనూ మాట్లాడకూడదు. నేరం లేదంటూనే నోరు నొక్కడానికి ఇంత జాగ్రత్తగా రాసిన ఉత్తరాన్ని నేను మళ్లీ మళ్లీ చదివాను, చదివిన ప్రతిసారీ చెవులు వేడెక్కాయి. అయినా నిర్ణయం ఆమెది కాబట్టి ఉత్తరం పట్టుకుని ఇంటికి వెళ్లాను.

మూడో అంతస్తులో రెండు గదులు. అమ్మ మంచం ఉండే చోట ఇప్పుడు ఒక స్టూలు, దాని మీద పెట్టె. నల్లటిది, రొట్టె పొట్లమంత. భోజనం బల్లకు ఉన్న ఒక్క కుర్చీ దానికి ఎదురుగా వేసి ఉంది. మా కేంద్రంలో అంత గట్టిగా వినిపించిన ఆమె గొంతు అక్కడ సగానికి తగ్గింది. ఖాళీ గదిలో తన మాట తనకే అదరగొట్టినట్టు వినిపిస్తుందని, అందుకే తగ్గించుకున్నానని చెప్పింది.

ఉత్తరం విని తల అడ్డంగా ఊపింది.

"కొత్త పెట్టెకి కొత్త చిరునామా ఉంటుందట, షాపాయన చెప్పాడు. అది నేను అన్నయ్యకి పంపాలి. అన్నయ్య చూసి సరే అని నొక్కాలి. నొక్కకపోతే అప్పుడిక రాయడానికేం ఉంటుంది?"

ఫిర్యాదు వేస్తే మొదటి విచారణకే అయిదు నెలలు పడుతుందని చెప్పాను. వేసెయ్యమంది. ఈలోగా షాపాయన దారి చూస్తానన్నాడని చెప్పింది.

షాపాయన అంటే రైల్వే వంతెన కింద కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ఆమెను అక్కా అంటాడు. తరువాతి గురువారం అతను ఒక గుడ్డ సంచితో ఆమె గడప ఎక్కాడు. సాక్షిగా ఉంటానని నేనూ వెళ్లాను.

"దొరికింది అక్కా. జాబితాలో మూడోది. ఒక ఆఫీసు ఎత్తేస్తుంటే తుక్కులో వచ్చింది. ముప్పై ఒక్క వేల గంటలు తిరిగింది. దీని మోకాళ్లు నీ మోకాళ్లకంటే అరిగాయి."

"నా మోకాళ్ల జోలికి రాకుండా పెట్టవయ్యా."

పెట్టాడు. నిమిషం లోపల ఎడమ దీపం పచ్చగా మారింది. సీలు విప్పిన కొత్త డిస్కును గుమ్మంలోనే నిలబెట్టిన పెట్టె, రేపో మాపో ఆగిపోయే ఈ డిస్కును మారు మాట లేకుండా రానిచ్చింది. జాబితా భద్రత కోసమేనన్న వాదన నా కళ్ల ముందే కుప్పకూలింది. నేను రెండు దీపాలనూ, రెండు డిస్కుల లేబుళ్లనూ ఫోటో తీసుకుని, తేదీ, సమయం వేసి ఇద్దరి చేతా సంతకాలు చేయించాను.

కుడి డిస్కులోదంతా ఎడమదానిలోకి ఎక్కడానికి పంతొమ్మిది గంటలు పడుతుందన్నాడు. అది పూర్తయ్యాక బయటి దారి తెరుచుకుంటుంది. ఆమె అప్పటికే నోటుబుక్కులో గీతలు కొడుతోంది, గంట గంటకూ ఎంత శాతమో రాసుకోవడానికి.

"అయితే ఈ ఆదివారం వస్తాడన్నమాట."

షాపాయన స్క్రూ బిగిస్తున్నవాడు ఆగాడు.

"అక్కా, ఒక చిక్కుంది. అటువైపు ప్రోగ్రామ్ కొన్ని వారాలు తలుపు తట్టి చూస్తుంది. తియ్యకపోతే మానేస్తుంది. ఇన్ని వారాలు మూసి ఉందిగా, ఈపాటికి మానేసే ఉంటుంది. మళ్లీ మొదలవ్వాలంటే అటు ఎవరో ఒకరు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాలి."

"ఎవరో ఒకరంటే?"

"అంటే, మీ అన్నయ్య. ఆగిందని గమనిస్తే."

"గమనించకపోతే?"

అతను స్క్రూ బిగించడం మళ్లీ మొదలుపెట్టాడు. అప్పటికే బిగిసిపోయిన స్క్రూ అది.

ఆ ఆదివారం ఆమె డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉంది. మూడూ యాభైకి ఫోనులో చిట్టా తెరిచి కూర్చుంది. నాలుగు గంటల మూడు సెకన్లు వచ్చి వెళ్లిపోయింది. నాలుగున్నరకు తేదీ రాసి, పక్కన గీత గీసింది. మరుసటి ఆదివారమూ అంతే. ఆ తరువాతి దానికి డ్యూటీ మార్చుకోలేదు. పంపింగ్ స్టేషన్లో ఆ పూట మోటారు మూడో నంబరు ఆటోలో పడింది, ఆమె రాసింది. ఇంటికొచ్చి చిట్టా చూసి మళ్లీ గీత గీసింది. ఇదంతా ఆమె నాకు ఫోన్లో చెప్పిన మాట. ఆమె ఫోనుకు వచ్చేవి డ్యూటీ మార్పు కబుర్లు, తప్పు నంబర్లు. ఆ నెలలో నా ఫోన్లు కూడా ఉన్నాయి, కాని నాకు చెప్పడానికి విచారణ తేదీ తప్ప ఏమీ ఉండేది కాదు.

విచారణకు పత్రాలు సరిచూసుకోవడానికి రమ్మన్న రోజున ఆమె చిట్టా మొత్తం ముద్రించి తెచ్చింది. చివరి కాగితం మిగతావాటితో కలపకుండా విడిగా పట్టుకుంది. అడిగితే ఇచ్చింది.

అది ఆదివారం కాదు, బుధవారం. ఆ వేళకి ఆమె డ్యూటీలో ఉంది.

11:42:17, పెద్దోడు, తప్పు పాస్‌వర్డ్.

11:43:05, పెద్దోడు, తప్పు పాస్‌వర్డ్.

11:46:38, పెద్దోడు లోపలికి.

11:55:50, పెద్దోడు బయటికి. ఫైళ్లు: 0.

తొమ్మిది నిమిషాలు. తెచ్చింది లేదు, తీసుకెళ్లింది లేదు. ఏ ఫోల్డరు తెరిచాడో ఆ పెట్టె రాసుకోదు.

"రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారికి కుక్క పేరు గుర్తొచ్చినట్టుంది" అంది.

"ఫోన్ చేశారా?"

"లేదు."

"ఆయన?"

"లేదు. ఆదివారం ఆ ప్రోగ్రామ్ మళ్లీ మూడో సెకనుకే వచ్చింది. దాన్ని మళ్లీ మొదలుపెట్టి వెళ్లాడు."

నేను పత్రాలకు వరుస సంఖ్యలు వేయడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు చూసి ఆ విడి కాగితం మీద వేలు పెట్టింది.

"ఇది కేసులో అవసరమా?"

ఆలోచించాను. దారి మూసేసిన వారాలను నిరూపించడానికి ముందు పేజీలు చాలు. ఈ కాగితం నష్టాన్ని చూపదు సరికదా, ఎదుటి లాయరు చేతికి చిక్కితే నష్టం తీరిపోయిందిగా అని వాదిస్తాడు. అవసరం లేదని చెప్పాను.

"అయితే నాకిచ్చెయ్యండి."

ఇచ్చాను. మడత పెట్టేముందు ఆమె బల్ల మీద నా పెన్ను తీసుకుని, 11:46:38 ఉన్న వరుస చివర, గడి లేని చోట చిన్న గడి గీసి, అందులో ‘మాన్యువల్’ అని రాసుకుంది. పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చి, రెండింటి షిఫ్టుకు వేళవుతోందని లేచింది.