గంగమ్మ ముందర ఒంటి గీత

ముందే చెబుతున్నాను, నా మాటల్లో సగం తాలు. చెరిగి చూసుకునే పని మీది.

అప్పట్లో నేను హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో పనిచేసేవాణ్ణి. మా ఊరు పెనుకొండ దాపున. ఊరికీ, పక్కనున్న సుగాలి తాండాకూ కలిపి ఒకటే చెలమ, గంగమ్మ చెలమ. ఎండాకాలంలో బోర్లన్నీ గాలి కక్కినా అక్కడ ఎండిన వంకలో ఇసుక తోడితే నీళ్లు ఊరేవి. ఎంత తియ్యటి నీళ్లంటే, వాటితో కాచిన టీలో చక్కెర వేస్తే చేదెక్కేది.

ఆ చెలమ మీదుగా నూనె పైపులు వేస్తారని తెలిసింది. సర్వేవాళ్లు సున్నంతో గీత గీసి పోయారు, పెనుకొండ కొండెక్కినా కనబడేంత గీత. పైపు పగిలి నూనె దిగితే మాకు గంగమ్మా లేదు, గుక్కెడు నీళ్లూ లేవు. నేను సెలవు పెట్టి పరుగెత్తాను. ధర్నానా, రాస్తారోకోనా అని మగవాళ్లం టీ హోటల్లో తేల్చుకునేలోపే ఆడవాళ్లు ముగ్గుపిండితో బయలుదేరారు.

మా అవ్వకు పైపు కన్నా ముందు గీత మీద కోపమొచ్చింది.

"గంగమ్మ ముందర ఒంటి గీత గీస్తారా? పీనుగు లేసిన ఇల్లనుకున్యారా ఇది?"

మావైపు శుభానికి జంట గీతలే వేస్తారు. అవ్వ పక్కనే ఇంకో గీత లాగింది. తాండా ఆడవాళ్లు దానికి అడ్డగీతలు కలిపారు. గీతలకు చుక్కలు, చుక్కలకు పద్మాలు. మధ్యాహ్నానికల్లా వంక పొడుగునా ధర్మవరం పట్టుచీర పరిచినట్టు ముగ్గే. పద్మం నడుమ పొయ్యి, పొయ్యి మీద పొంగలి కుండ.

అప్పుడొచ్చింది తవ్వే మిషను, వెనక జీపులో ఇంజనీరు.

"మా గీత ఏదమ్మా?"

"ఈడే ఉండాది నాయనా, ఎతుక్కో," అంది అవ్వ.

మిషను డ్రైవరు మడకశిర మనిషి. చెప్పులు విడిచి కిందికి దిగాడు.

"దిగావేంటయ్యా? నడుపు!"

"దుడ్ల కోసం ముగ్గు తొక్కేదా సార్? పొంగలి పొయ్యి మీద ఉండాది. మా ఇంట్లో తెలిస్తే నాకు ముద్ద పెట్టరు."

ఇంజనీరు అవ్వ వైపు తిరిగాడు. "ఎప్పుడు దించుతారమ్మా?"

"ఇది దించితే ఇంకోటి ఎక్కుతాది. తాండావాళ్లు ఇంకా బియ్యమే కడగల్యా. అంతదాకా ఎండలో యాల నిలబడేది? తిందువు రా."

ఇంజనీరు తిన్నాడు. మారు పెట్టించుకున్నాడు. ముంతెడు నీళ్లు తాగి, ఇంకో ముంత అడిగాడు.

"ఈ నీళ్లు ఎక్కడివి?"

"నువ్వు తవ్వే తావువే."

ఆయన ముంత అడుగు కనబడేదాకా తాగాడు. ఆనక జీపెక్కి పోయి, పెనుకొండ నుంచి పెద్ద అధికారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ అధికారీ తిన్నాడు, తాగాడు, పైపుదారి మళ్లీ కొలవమన్నాడు. కొలత తేలేదాకా మేం పొయ్యిలు ఆరనివ్వలేదు. ఊరూ తాండా వంతులు వేసుకుని వండాయి. కట్టెలు కొట్టే భాగ్యం మగవాళ్లకు దక్కింది. ఆ పొగకు హిందూపురంలో మబ్బు పట్టిందనుకుని గొడుగులు తీశారు.

చివరికి పైపుదారి గుట్ట అవతలికి జరిగింది. ఆ కబురు తెచ్చింది ఇంజనీరే. తాండాలో డప్పు లేచింది. ఆయన బూట్లు విడిచి చిందేస్తే, ఆ అదురుకు చెలమలో నీళ్లు మూరెడు పైకొచ్చాయి.

ఇక ఒప్పుకుంటాను, ఇంజనీరు చిందు నా కల్పన. చిందేసింది డ్రైవరు. ఇంజనీరు రెండు చేతుల్లో రెండు బూట్లు పట్టుకుని, చప్పట్లకు చెయ్యి ఖాళీ లేక, తల ఊపుతూ నిలబడ్డాడు.