బ్రిజిడ్ ఒప్పుకున్న పంచమం

ఈ ఆదివారం పొద్దున వాద్యం పెట్టె మూత తెరిచాను. మైనం పట్టించిన దారం వాసన, తోలు వాసన, వాటి వెనక సన్నగా బాదం నూనె వాసన. మా అమ్మాయి మెట్ల మీద నుంచే "అమ్మా, నాట్ ఎగైన్!" అంటూ ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఒకప్పుడు గోడకు అవతలి ఇంట్లో ఉన్న బ్రిజిడ్ వంటగది కళ్ళ ముందుకొస్తుంది. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద ఎప్పుడూ సగం తాగి మరిచిపోయిన టీ, ఆనుకోకుండా నిటారుగా కూర్చున్న పొడుగాటి మనిషి. లెక్కల టీచరుగా రిటైరైన ఐరిష్ ఆవిడ. ఆమె నా జీవితంలోకి రాకపోయి ఉంటే నేను మళ్ళీ నోరు విప్పి పాడేదాన్ని కాను.

నాటింగ్‌హామ్‌లో మేము ఈ ఇల్లు కొన్న కొత్తలో జరిగింది. నేను ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. చిన్నప్పుడు హన్మకొండలో శ్రద్ధగానే సంగీతం నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక ఉద్యోగం, షిఫ్టుల రోటా, పాప, వీటన్నిటి మధ్యా అది జారిపోయింది. పైగా పలచటి గోడలు, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనన్న జంకు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఉల్లిపాయలు వేయిస్తుంటే గోడ అవతల నుంచి ఒక నాదం మొదలైంది. ఒకటే స్వరం, తెగకుండా, మందంగా. మా వైపు పెళ్ళిళ్ళలో సన్నాయి పక్కన శ్రుతి ఊదే మనిషి గుర్తొచ్చాడు. తెలియకుండానే షడ్జం పట్టుకున్నాను. అక్కణ్ణుంచి మోహన రాగంలోకి వెళ్ళిపోయాను. ఉల్లిపాయలు మాడాక గానీ స్పృహ రాలేదు. చప్పున నోరు మూసుకున్నాను. అవతల నాదం కూడా ఆగింది. ఆ వెంటనే తలుపు చప్పుడైంది.

"పాడింది మీరేనా?" అని అడిగింది గుమ్మంలో నిలబడ్డ ఆవిడ.

"అవునండీ. సారీ. గోడ పలచనని మరిచిపోయాను."

"సారీ ఎందుకు? ఎందుకు ఆపేశారో అడుగుదామని వచ్చాను."

ఆ మర్నాడే ఆమె వంటగదిలో ఐరిష్ బ్యాగ్‌పైప్‌ని మొదటిసారి దగ్గరగా చూశాను. నోటితో ఊదే పని లేదు. కుడి మోచేతి కింద చిన్న కొలిమితిత్తి, ఎడమ చంక కింద తోలు సంచి. ఒకటి గాలి నింపుతుంది, రెండోది దాన్ని దాచుకుని కొద్దికొద్దిగా వదులుతుంది. వేళ్ళ కింద పాట పలికే గొట్టం, ఒడిలో అడ్డంగా డ్రోన్లనే మూడు గొట్టాలు. శ్రుతి పట్టేవి అవే. డ్రోన్లు లేని పాత వాద్యం ఒకటి ఆమె నాకు అరువిచ్చింది. వారం వారం పాఠం. బడిలో లెక్కలు చెప్పినట్టే చెప్పేది. తప్పు ఎక్కడ జరిగిందో నేనే కనుక్కోవాలి. ఒకసారి నేను వృత్తి ధర్మంగా, "మీ భుజం బాగా బిగబట్టేస్తున్నారు" అన్నాను. "నీ ఆసుపత్రి గుమ్మం బయటే వదిలేసి రా, సుజాతా" అంది. కానీ మరుసటి వారం భుజం వదులుగానే ఉంది. ఇంట్లో మా ఆయన రమేష్ తల పట్టుకునేవాడు. "గిదేం లొల్లి సుజాతా? బర్రె ఈనుతున్నట్టుంది!" అని పాపతో కలిసి నవ్వేవాడు. అలా నవ్వుతూనే నాకు అడ్డు రాకుండా తలుపు దగ్గరకు వేసేవాడు.

సంచిలో గాలి ఒత్తిడి నిలకడగా పట్టుకోవడం వచ్చాక, ఒకరోజు బ్రిజిడే అంది: "ఇక నీకు డ్రోన్లు కావాలి." నేను ఆన్‌లైన్‌లో తళతళలాడే సెట్టు ఒకటి చూపించబోతే ఫోను బోర్లా పెట్టేసింది. కెనడా పడమటి తీరంలో తనకు తెలిసిన ఒక తయారీదారు ఉన్నాడని, ఆయనకు మెయిల్ రాయమంది. ఆయన కొలతలేవీ అడగలేదు. నేను వాయించింది రికార్డు చేసి పంపమన్నాడు, వాద్యం ఉంచే గదిలో చెమ్మ ఎంతో అడిగాడు, చాలాకాలం ఆగగలవా అన్నాడు. ఆగగలనన్నాను. చివర్లో, "ప్రత్యేకంగా ఏమైనా కావాలా?" అని రాశాడు.

నాకు కావలసింది ఒకటి ఉంది. ఐరిష్ డ్రోన్లు మూడూ ఒకే స్వరం మూడు స్థాయిల్లో పలుకుతాయి. మా తంబురాలో షడ్జంతో పాటు పంచమం కూడా ఉంటుంది. మధ్య డ్రోన్‌ని పంచమంలో చేయించుకోవచ్చా అని బ్రిజిడ్‌ని అడిగాను. ఆమె ముఖం ముడుచుకుపోయింది.

"మూడూ ఒకటే స్వరం. మా నాన్న అలాగే వాయించాడు, ఆయన గురువూ అంతే. నీకు తంబురా కావాలంటే తంబురానే కొనుక్కో."

నేను లేచి వచ్చేశాను. కోపం రాలేదు, సిగ్గేసింది. వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి కుర్చీలు అటూ ఇటూ జరపబోయినట్టు అనిపించింది. ఆ వారం పాఠానికి వెళ్ళలేదు. అవతల నుంచి కూడా ఏ శబ్దమూ లేదు. మెయిల్‌కు జవాబు రాయకుండా ఊరుకున్నాను. అసలు డ్రోన్లే వద్దని రాసేద్దామా అని కూడా అనుకున్నాను.

తర్వాతి శనివారం బ్రిజిడే వచ్చింది, వాద్యం పెట్టెతో సహా. మా సోఫా అంచున కూర్చుంది.

"నీ పంచమం నేనెప్పుడూ వినలేదు. వినకుండానే వద్దన్నాను. ఏదీ, వినిపించు" అంది.

ఫోనులో తంబురా పెట్టి, శ్రుతి ఆమె వాద్యానికి సరిపడా మార్చాను. ఆమె కళ్ళు మూసుకుని కాసేపు ఊరికే విన్నది. తర్వాత తన డ్రోన్లు మోగకుండా మూసేసి, ఆ తంబురా మీద తన ఊరి నెమ్మది పాట ఒకటి ఎత్తుకుంది. పాటలో ఒకచోట పంచమం మీద ఆగాలి. అక్కడికొచ్చి ఆగింది, ఇంకా ఆగింది, తిత్తి ఆడించడం మరిచి సంచిలో గాలి అయిపోయేదాకా ఆగింది.

"మా నాన్న విని ఉంటే అరిచేవాడు," అంది కళ్ళు తెరిచి. "అరిచాక ఇంకోసారి వాయించమనేవాడు."

ఆ మెయిల్ ఇద్దరం కలిసే రాశాం. దారి కూడా ఆమే చూపింది: మధ్య డ్రోన్ మామూలుగానే చేసి, దాని పైభాగానికి మార్చుకునే పొట్టి ముక్క ఒకటి అదనంగా ఇమ్మని. అది తొడిగితే పంచమం, మామూలు ముక్క తిరిగి పెడితే వాళ్ళ స్వరం. తయారీదారు ఒక్క మాటే జవాబిచ్చాడు, "సంతోషంగా."

చాలాకాలానికి పార్సెల్ బయల్దేరింది. ఆ మంచి మనిషి పెట్టె మీద నిజాయితీగా "మూడు డ్రోన్లు" అని రాశాడు. నేను బ్రిజిడ్ ఇంట్లో పాఠంలో ఉండగా కొరియర్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. బ్యాటరీలు ఏ రకానివి, ఎగరేసేందుకు అనుమతి ఉందా అని అడిగింది. ఇవి సంగీతానివి, చెక్కవి అని ఎంత చెప్పినా ఆమెకు ఎక్కడం లేదు. పక్కనే ఉన్న బ్రిజిడ్ చెయ్యి చాచి ఫోను తీసుకుంది.

"అమ్మాయీ, అవి ఎగరవు. ఏం చేస్తాయో విను" అని ఫోను బల్ల మీద పెట్టి, తన డ్రోన్లు మూడూ మోగించింది. కప్పులు గలగలలాడాయి. అటువైపు ఆ అమ్మాయి మెల్లగా, "మా తాతయ్య దగ్గర ఇలాంటిదే ఉండేది" అంది. పార్సెల్ మర్నాడే వచ్చింది.

నల్లటి చేవకర్ర, ఇత్తడి కట్లు. బ్రిజిడ్ వాటిని నాకు ఇవ్వకుండా, అరువిచ్చిన వాద్యానికి బిగించి ముందు తన ఒడిలోనే పెట్టుకుంది. రెల్లు పీకలను వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, వింటూ, తిడుతూ శ్రుతి చేసింది. చివరికి పొట్టి ముక్క తొడిగి వాద్యం నా చేతికిచ్చింది. నేను షడ్జ పంచమాలు మోగించి మోహనం అందుకున్నాను, వేళ్ళతో కాదు, గొంతుతో. రమేష్ మా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. బర్రె మాట ఎత్తలేదు. "మల్లొక్కసారి పాడు" అన్నాడు.

మరుసటి ఏడాది బ్రిజిడ్ ఇల్లు అమ్మేసి ఐర్లండులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు వీడియో కాల్‌లో వింటుంది. చెవి కొంచెం మందగించినా, నా తప్పు మాత్రం తప్పకుండా వినిపిస్తుంది ఆమెకు. తన చెల్లెలి ఊళ్ళో పిల్లలకు పాఠాలు చెబుతోందట. వాళ్ళలో ఒకరికి పంచమం ముక్క తెప్పించిందట. ఆ సంగతి పెద్ద నేరం ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

మొన్న వార్డులో తుంటి ఆపరేషనైన పెద్దాయన ఒకరు వాకర్ పట్టుకోనని మొండికేశారు. భార్య భుజం మీద చెయ్యి వేసి నడుస్తానంటారు. కుదరదనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. బ్రిజిడ్ గుర్తొచ్చి దాన్ని అక్కడే ఆపి, పక్కన చెయ్యి ఆసరాగా పెట్టి, ఎలా నడుస్తారో చూపించమన్నాను. ఆయన భార్య నడుము సవరించుకుని నిలబడింది. ఇద్దరూ ఒకే పాదం ముందుకు వేశారు. ఎన్నేళ్ళుగా అలా నడుస్తున్నారో, ఆ నడకలో నేను దిద్దవలసింది చాలా కొద్దిగానే ఉంది.