రూములు మార్చుకున్న వారం

ఆ ప్రోగ్రాం పేరు ఇప్పుడు గుర్తు లేదు. గుర్తు పెట్టుకోవాలనీ లేదు. ఇద్దరు ఇల్లాళ్లు వారం రోజులు ఇళ్లు మార్చుకుంటారు. మొదటి సగం ఆ ఇంటి పద్ధతిలో నడవాలి, రెండో సగం తన పద్ధతి ఆ ఇంటి మీద రుద్దాలి. ఇక చూడండి, తిట్లు, ఏడుపులు, గిన్నెలు విసరడాలు. గల్ఫ్‌లో, తుబ్లీ అనే చోట మా లేబర్ క్యాంపు మెస్ హాల్లో ఒక టీవీ ఉండేది. శుక్రవారం సెలవు, మధ్యాహ్నం తిన్నాక అందరం దాని ముందు కూలబడేవాళ్లం. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలేసి వచ్చిన మగాళ్లం, ఎవరి వంటింట్లోనో ఆడవాళ్లు కొట్టుకుంటుంటే ఈలలు వేసి చూసేవాళ్లం. సిగ్గులేని జన్మలు. అందులో నాదీ ఒకటి.

మా రూంలో ఎనిమిది మందిమి, అందరం జగిత్యాల వైపు వాళ్లం. నేను మేస్త్రీని, అందరికంటే ముందు వచ్చినవాణ్ణి, కాబట్టి రూంకి పెద్దను. నా సొంత తమ్ముడూ అదే రూంలో ఉండేవాడు. వీసా తెప్పించింది నేనే. నా డ్యూటీ కర్జకాన్ అనే ఊళ్లో, ఏదో విల్లా పని. వాడిని సీఫ్‌లో కడుతున్న పెద్ద బిల్డింగు మీద వేశారు. వచ్చిన మొదటి వారమే వాడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, స్కాఫోల్డింగ్ ఎక్కితే కాళ్లు వణుకుతున్నయ్" అన్నాడు. "అందరికీ వణుకుతయ్. నోరు మూసుకొని ఎక్కు. ఫోర్‌మన్‌కు చెప్తే ఖలాస్, ఇంటికి తోలుతడు" అన్నాను. ఊళ్లో వాళ్లకు గల్ఫంతా దుబాయే. వీడు నెలకే తిరిగి వెళ్తే 'దుబాయి పోయి భయపడి వచ్చిండు' అని నవ్వుతారు, తీసుకెళ్లిన నన్ను చూసీ నవ్వుతారు. నా భయం అదీ. ఆ తర్వాత వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. భయం పోయిందనుకున్నాను.

రూంలో నా మాటే చట్టం. అట్టముక్క మీద రూల్సు రాసి తలుపు వెనక అతికించాను. వంట వంతు ఎవరూ తప్పకూడదు. ఒకరి బకెట్ ఇంకొకరు ముట్టకూడదు. ఇంటికి ఫోన్ చేసి కష్టాలు చెప్పకూడదు.

ఎదుటి రూం గోదావరి వైపు క్రైస్తవులది. వాళ్ల పెద్ద ఒక వెల్డరు, శుక్రవారం పొద్దున తెలుగు సహవాసమనే వాళ్ల ప్రార్థన కూటంలో పాటలు పాడించేవాడు. మాకూ వాళ్లకూ ఉప్పూ నిప్పూ. బాత్రూం దగ్గర గొడవ, బట్టలారేసే తాడు దగ్గర గొడవ, వంటింట్లో చేపల మూకుడు దగ్గర గొడవ. ఆ వెల్డరు ఎంత గొడవలోనూ గొంతు పెంచడు. అందుకే వాడంటే నాకు మరీ మంట.

మధ్యలో పుల్ల పెట్టింది క్యాంపు బస్సు డ్రైవరు. వాడికి ఫోన్లో వీడియోలు తీసి నెట్లో పెట్టే పిచ్చి. "టీవీల లెక్క మీ ఇద్దరు పెద్దమనుషులు వారం దినాలు రూములు మార్చుకోరాదుండ్రి, నేను వీడియో తీస్త" అన్నాడు. నేను వద్దనేవాణ్ణే. ఈలోగా వెల్డరు, "మాకేం అభ్యంతరం లేదండి. అన్నగారికి భయమైతే మానేద్దాం" అన్నాడు. నాకు ఎక్కడో కాలింది.

"నాకు భయమా? రేపే వస్త. నీ రూంను దారికి తెచ్చి పోత" అన్నాను.

వాళ్ల రూంలో మొదటి మూడు రోజులు ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టే గడిచాయి. తినే ముందు పొడుగాటి ప్రార్థన. వాళ్లు కళ్లు మూసుకుంటే నేను తెరుచుకుని, చల్లారిపోతున్న అన్నం వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. తంబాకు నోట్లో వేసుకుంటే బయటికి వెళ్లమన్నారు. మూడో రోజు సాయంత్రం సాక్ష్యం అన్నారు. ఒక్కొక్కరే నిలబడి ఆ వారం మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలట. మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు, తర్వాత ఎగతాళి చేయకూడదు. ఒకడు భార్యతో మాటల్లేవని చెప్పాడు. ఇంకొకడు ఫోర్‌మన్ చెయ్యి చేసుకున్నాడని చెప్పి ఏడ్చాడు. మగవాడు పదిమందిలో ఇలా విప్పుకోవడమేమిటని నాకు అసహ్యం వేసింది.

నా వంతు వచ్చింది. డ్రైవరు ఫోన్ నా మొహం మీదికి తెచ్చాడు. "నాకేం బాధ లేదు. నా తమ్ముణ్ణి కంటికి రెప్ప లెక్క చూసుకుంటున్న. వాడు మంచిగున్నడు, నేను మంచిగున్న" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

రెండో సగం నా రాజ్యం. నా రూల్సు వాళ్ల తలుపుకీ అతికించాను. ప్రార్థన రూం బయట చేసుకోమన్నాను. తిరగబడతారని కాచుకుని కూర్చుంటే, వాళ్లు వరండాలో నిలబడి ప్రార్థన చేసుకుని వచ్చి భోజనానికి కూర్చున్నారు. గెలిచానన్న తృప్తి కూడా మిగల్చలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మెస్ హాల్లో డ్రైవరు తన ఫోన్‌ను టీవీకి కలిపాడు. రెండు రూముల వాళ్లూ, చూసిపోదామని మిగతా వాళ్లూ వచ్చారు. మొదట నా మాటలే వచ్చాయి. కంటికి రెప్ప అన్నచోట చప్పట్లు కొట్టారు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

తర్వాత మా రూం. తన పద్ధతి నడిపే రెండో సగం రాగానే వెల్డరు అక్కడా సాక్ష్యం పెట్టాడు. మావాళ్లు మొదట నవ్వుకుంటూ లేచి ఏవేవో చెప్పారు. ఆఖరున నా తమ్ముడు లేచాడు. చేతులు వెనక్కి కట్టుకుని, నేల చూస్తూ చెప్పాడు.

"నాకు పైకెక్కుడంటే భయం. రోజు పొద్దుగాల బస్సు దిగంగనె కక్కుతున్న. అన్నకు చెప్పిన. నోరు మూసుకొమ్మన్నడు. గప్పటి సంది మూసుకున్న."

హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరూ నా వైపు తిరిగారు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, ఆ సిగ్గంతా కోపమై వెల్డరు మీదికి పోయింది. వాడి కాలరు పట్టుకున్నాను.

"నా తమ్ముని నోట్ల మాటలు పెడతవా? నా రూంల నీ సాక్ష్యాలేంది?"

"నేనేం పెట్టలేదండి. ఎలా ఉన్నావని అడిగాను, అంతే" అన్నాడు, అప్పుడు కూడా గొంతు పెంచకుండా. కొట్టడానికి చెయ్యెత్తాను. తమ్ముడు పరుగున మధ్యలోకి వచ్చాడు. నా పక్షాన వచ్చాడనే అనుకున్నాను. వాడు నా వేళ్లు ఒక్కొక్కటే ఆ కాలరు మీద నుంచి ఊడదీశాడు.

"అన్నా, నువ్వు ఇంకో వారం ఆడనే ఉండు" అన్నాడు.

"ఎందుకురా?"

తమ్ముడు తల ఎత్తకుండా, వెల్డరు పక్కనే నిలబడి చెప్పాడు.

"గీ వారం దినాలు మంచిగ నిద్రవట్టింది."