పులుపు పడని రాయి

మొన్న మా గుమ్మం ముందు టైల్స్ పరచడానికి వచ్చిన మేస్త్రీ పాత నల్లబండను గునపంతో లేపి, "ఇది పారెత్తీమంతారా అమ్మా, రెండు పక్కలా మచ్చలడిపోనాయి" అని అడిగేసరికి, కాలం చేసిన మా అత్తగారు ఎదుట వచ్చి నిలబడినట్టయింది. మన వయసువాళ్ళకు చెబితేనే ఈ సంగతి రుచిస్తుంది, మా మనవరాలికి చెబితే ఫోన్లోంచి తలెత్తకుండా ఊఁ కొట్టింది.

మా మావగారు మోజుపడి, హైవే మీద వచ్చే లారీవాళ్ళను బతిమాలి నరసన్నపేటకు తెప్పించిన కడప బండ అది. నేను కాపురానికి వచ్చి, ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన రోజులవి. మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పిందో లేదో అత్తగారికి బెంగ పట్టుకుంది. శుక్రవారం వచ్చిందంటే నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, రసం కారుతుండగానే గుమ్మానికి అటూ ఇటూ ఆ బండ మీద పెట్టేవారు. కొన్నాళ్ళకు ఆ చోట్ల బండ నునుపు పోయి తెల్లగా పాలిపోయింది. ఎదురింటావిడా నిమ్మచెక్కలు పెట్టేది, కానీ వాళ్ళ మెట్టుకు ఈగ వాలిన గుర్తయినా లేదు. ఇంకేముంది, అత్తగారి గుండె జారిపోయింది.

"రాయినే తినేసినాదంటే నీ మీద దిష్టి ఎంతున్నాదో సూడే! ఊరందరి కళ్ళూ నీ మీదే. ఆ బడి మానియ్యే, నీకు దండమెడతాను" అని ఏడ్చారు. కసిరితే నేనూ రెండు మాటలు అనేదాన్నే, నాకు మాత్రం నోరు లేదా? ఏడిస్తే ఏం చెయ్యను? ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం, ఆవిడ భయమూ అబద్ధం కాదు.

ఒక సెలవునాడు కొంగున నాలుగు నిమ్మకాయలు కట్టుకుని ఆవిడను వెంటబెట్టుకు బయల్దేరాను. ఎదురింటి మెట్టు టెక్కలి వైపు నుంచి వచ్చిన గ్రానైటు. భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారుతూ పలుకులు కట్టినదని చెప్పి, రసం పిండితే ఏమీ కాలేదు. పాత బజారు మెట్లలో ఎర్రగా కందిగింజల్లా మెరిసే గార్నెట్లు చూపించి, ఇది ఒకప్పటి బురదేనని, కొండల కింద నలిగి ఉడికి ఇలా అయిందని, దీన్నే ఖోండలైటు అంటారని చెప్పాను. "బురద రాయైపోనాదేటే!" అని ఆవిడ ఆ మెట్టును చేత్తో నిమిరారు. దాని మీదా పులుపు పారలేదు. చివరికి మా పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి తీసుకొచ్చాను. అదీ కడప బండే, ఎవరి కంటా పడనిది. కాస్త గీకి రసం పిండగానే సన్నటి నురగ లేచింది. ఇది సముద్రం అడుగున సున్నం పొరలుపొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి, పులుపు తగిలితే కరుగుతుంది, అంతే అన్నాను.

అత్తగారు ఆ నురగకేసి చూసి చూసి ఒక్కసారి పకపకా నవ్వారు. "ఓలమ్మో! నువ్వేటి పులుపంటే సచ్చిపోతన్నావు, ఇదేటి పులుపంటే కరిగిపోతన్నాది!"

మర్నాడు పొద్దున్నే నా క్యారేజీ ఆవిడే కట్టి ఇచ్చారు. అలాగని నిమ్మకాయలు మానేశారా, అదేం లేదు. ఎక్కడినుంచో రెండు గ్రానైటు ముక్కలు తెచ్చి, గుమ్మం పక్కన వేసి, వాటి మీద పెట్టడం మొదలెట్టారు. మా అమ్మాయి పండులా పుట్టింది. ఆ తరవాత ఆవిడకు రాళ్ళ పిచ్చి పట్టి, ఆమదాలవలసలో రైలు కోసం కూర్చున్నా సంచీలోంచి నిమ్మచెక్క తీసి అరుగు మీద పిండి చూసేవారు, మావారు ఈవిడెవరో తెలియనట్టు పక్కకు తిరిగేవారు.

ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ మెట్టు చూసినా ఒక్కలాగే ఉంది, మట్టి కాల్చి పైన గ్రానైటు బొమ్మ అచ్చేసిన టైలే. ఎంత పులుపు పోసినా మచ్చ పడదని మేస్త్రీ గొప్పగా చెప్పాడు. పాత బండను పారెయ్యనివ్వలేదు. పెరట్లో నేను కూర్చునే చోట వేయించుకుని, సాయంత్రాలు ఆ మచ్చల మీద చెయ్యి వేసుకుని కూర్చుంటున్నాను. ఈ వయసులో నా మీద ఎవరి కన్ను పడుతుంది గానీ, పడుతుందేమోనని ఏడ్చే మనిషే లేదు.