నాటీ అన్నందుకు

ఆ రోజుల్లో నాకు జరిగిన అన్యాయం గురించి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఇంట్లో మొదలుపెడితే మా ఆవిడ కుక్కరు కూసిందని లేచి వెళ్తుంది (కూయదు). కాబట్టి మీరే వినాలి.

అప్పుడు నేను టెక్కలిలో ఓ ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మాస్టారిగా కొత్తగా చేరాను. నాలుగో తరగతి బుడతడొకడు నా కుర్చీకి పనసజిగురు పూశాడు. తల్లిదండ్రుల సమావేశానికి వాడి నాన్న, ఉద్దానంలో జీడితోటల రైతు, వచ్చాడు. ప్యాంటు పోయిన బాధ దిగమింగి, ముద్దుగానే, మీవాడు కాస్త నాటీ అండీ అన్నాను.

"నాటు అంతన్నారేటి మాస్టారూ? మావోడు నాటుకోడా?"

హాలంతా నవ్వింది. ఇది సర్దకపోతే ఇంగ్లీషు క్లాసు నీది కాదని హెడ్మాస్టారు నా చెవిలో చెప్పి, జేబు డిక్షనరీ తీసి, నాటీ అంటే అల్లరివాడని చదివారు. రైతు చల్లబడ్డాడు. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఆ కోడి మాట నాకు గుచ్చుకుంది. ఎమ్మే ఇంగ్లీషు చదివినవాణ్ణి. లైబ్రరీలోంచి పెద్ద డిక్షనరీ మోసుకొచ్చి, అందరికీ వినబడేలా చదవమని హెడ్మాస్టారి చేతికిచ్చాను.

అది మాటల పుట్టుక దగ్గర్నుంచీ చెప్పే రకం. నాట్ అంటే సున్నా అట. దాంట్లోంచి పుట్టిన నాటీకి మొదటి అర్థం, ఏమీ లేనివాడు. రైతు లేచి తన జీడితోట, కొబ్బరితోట ఎక్కడున్నాయో హాలుకంతా చెప్పాడు. రెండో అర్థం దగ్గర హెడ్మాస్టారి గొంతు సన్నబడింది. దుర్మార్గుడు, పాపాత్ముడు.

"నాలుగో క్లాసు గుంటడు పాపాత్ముడేటి మాస్టారూ? ఏ పాపం సేసినాడో సెప్పండి."

హెడ్మాస్టారు పుస్తకం మూసేశారు. (మూడో అర్థం అల్లరివాడు. ఆ కిందే ఉంది.) సోమవారం నుంచి ఇంగ్లీషు డ్రిల్లు మాస్టారికి, డ్రిల్లు నాకు. ఆయన అదే బుడతణ్ణి నాటీ బోయ్ అంటూ బుగ్గ గిల్లేవాడు. ఆయన్ని ఎవరూ డిక్షనరీ అడగలేదు. నేను ఎండలో విజిల్ ఊదుతూ అదంతా చూశాను.

ఇప్పుడు తలచుకుంటే, అంత లావు పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తుకుని గర్వంగా నడిచొస్తున్న ఆ సన్నటి కుర్రాడి మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. జేబు డిక్షనరీతో ఆగరా అనాలనిపిస్తుంది. ఆగడు, నాకు తెలుసు.

కానీ హెడ్మాస్టారూ, మీరు రిటైరై పలాసలో ఉన్నారని తెలిసింది. ఇంకొక్క వరుస చదవకుండా పుస్తకం ఎందుకు మూశారు? ఆదివారం వస్తున్నాను. డిక్షనరీ నేనే తెస్తాను. జవాబు మీరు సిద్ధంగా ఉంచండి.